పిన్నిగారి ఇన్వర్టరు

ఆదివారం, విజయనగరం.

గంటస్తంభం దగ్గర టిఫిన్ చేసి వస్తూ దారిలోనే అనేసుకున్నాను, అక్క కొడుకు క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే లాప్‌టాప్) ఇవాళ విప్పాల్సిందేనని. కిలో పైచిలుకు బరువు, 4 జీబీ ర్యామ్, ఒంటి మీద గీత లేదు. కానీ ఇక అప్‌డేట్లు రావని నెల కిందటే తెర మీద పడింది. కొత్తది కొనేద్దామంది అక్క. నాకే మనసొప్పలేదు.

లినక్స్ ఎక్కిస్తే ఇంకా నడుస్తుంది కదా అనిపించింది. అందుకు దార్లు రెండున్నాయి. ఆర్‌డబ్ల్యూ లెగసీ అయితే పాత ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాము) జోలికెళ్లకుండా, పక్కనున్న చోట్లో లినక్స్‌ని లేపే ముక్క పెడతారు. మూత విప్పక్కర్లేదు. కాకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ డెవలపర్ మోడ్ (గూగుల్ కట్టుబాట్లు సడలించే మోడ్) హెచ్చరిక తెర వస్తుంది. అక్కడ స్పేస్‌బార్, వెంటనే ఎంటర్ నొక్కారా, ఆ మోడ్ పోతుంది, లినక్స్ లేవదు. మావాడి వేళ్ల సంగతి నాకు తెలుసు. అందుకే రెండోది, ఫుల్ రోమ్, అంటే ఫర్మ్‌వేర్ మొత్తాన్నీ మార్చేయడం.

అసలు క్రోమ్‌బుక్‌లో గూగుల్ పెట్టేదీ కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేరే. 1999లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో లినక్స్‌బయాస్‌గా మొదలై, 2008లో పేరు మార్చుకుంది. నెట్‌లో దొరికే మిస్టర్ క్రోమ్‌బాక్స్ స్క్రిప్టు ఆ కోర్‌బూట్‌నే మళ్లీ పోసి, పైన మామూలు లాప్‌టాప్‌ల్లో ఉండే యూఈఎఫ్ఐ తొడుగుతుంది. అప్పుడది అన్ని లాప్‌టాప్‌ల్లాగే పెన్‌డ్రైవు నుంచి బూట్ అవుతుంది.

ముందు రైట్ ప్రొటెక్ట్, అంటే ఫర్మ్‌వేర్‌ని మార్చనివ్వని తాళం తీయాలి. పాత మోడళ్లలో మదర్‌బోర్డు మీద ఓ స్క్రూ తీస్తే అయిపోయేది. ఇందులో బ్యాటరీ కనెక్టరే పీకాలి. అంటే ఫర్మ్‌వేర్ రాస్తున్నంతసేపూ ఒట్టి చార్జరు మీద నడవాలి. మధ్యలో కరెంటు పోతే ఇంతే సంగతులు. మా వీధి కరెంటుని నేను నమ్మను.

గోడ మీంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పక్కింట్లోకి వేశాను.

“ఏటి బాబూ, దాని పొట్ట కోసీసినావేటి?” అంది పిన్నిగారు.

“కొత్త బుర్ర పెడతన్నాను పిన్నీ. ఐదు నిమిషాలు, ఫ్యానులు కట్టీండి.”

“ఇన్వర్టరు నాది, ఫ్యాను కట్టడం కూడా నానేనా?”

స్క్రిప్టు ముందు పాత ఫర్మ్‌వేర్‌ని పెన్‌డ్రైవులోకి దాచుకోమంది. దాచాను. తర్వాత అవును అని నొక్కి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. చెరిపింది, రాసింది, సరిచూసుకుంది. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద కోర్‌బూట్ గుర్తు, కుందేలు బొమ్మ!

మధ్యాహ్నానికల్లా లినక్స్ మింట్ ఎక్కింది. వైఫై, టచ్‌ప్యాడ్ బానే ఉన్నాయి. క్యాప్స్‌లాక్ ఉండాల్సిన చోట సెర్చ్ మీటే ఉంది, అలవాటు పడాలి.

“మావయ్యా, సౌండేదీ?” అన్నాడు వీడు, నిమిషం తిరక్కుండానే. రాలేదు. దానికి వేరే స్క్రిప్టు ఉంది, రేపు చూడాలి.

ఇంతా చేస్తే పగలంతా కరెంటు పోనేలేదు. ఇది టైప్ చేస్తుంటే ఇప్పుడు పోయింది. బ్యాటరీ 71 శాతం.