భీమిలి వచ్చేవాళ్ళు పొద్దున్నే రండి

భీమిలిలో జరగబోయే మన సమావేశం సంచిక పని చూస్తున్న మిత్రుడు ఫోను చేసి నాకొక చిన్న పని అప్పగించాడు. సమావేశానికి కోడళ్ళతో, మనవలతో వస్తున్నవాళ్ళకు భీమిలిలో చూడదగ్గవేమిటో ఒక పేజీ రాయాలట. "నీకేం, అక్కడే పుట్టి పెరిగావు" అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. పుట్టి పెరిగిన ఊరిని ఎవరు చూస్తారు? పదో తరగతి పూర్తయ్యేదాకా నా దృష్టిలో చూడదగ్గ ఊరంటే విశాఖపట్నమే. పాతిక కిలోమీటర్ల అవతల సినిమా హాళ్ళు, ఓడరేవు. ఇక్కడేమున్నాయి? ఇసుక, ఎండుచేపలు, దొరల సమాధులు!

ముందు బస్సు సంగతి. కారు ఉన్నవాళ్ళకు కూడా చెబుతున్నాను, విశాఖపట్నంలో 900కె ఎక్కండి. 999 కూడా భీమిలికే వస్తుంది కానీ అది మధురవాడ మీదుగా వస్తుంది, సముద్రం కనపడదు. 900కెలో కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే దారిపొడవునా సముద్రం మీతో పాటే వస్తుంది.

భీమిలి ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. ఎనిమిది గంటలలోపు మాత్రమే. తొమ్మిది దాటితే ఆ ఇసుక పెనంలా కాలుతుంది. మంచుయుగాల్లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసిందని, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. 2014లో భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు. మా కాలంలో అది కార్తీకమాసం వనభోజనాల చోటు, అంతే. జీడిమామిడి చెట్ల కింద పులిహోర తిని, వాన కోసిన గండ్లలో దొంగా పోలీసూ ఆడి, తెల్ల చొక్కాలు ఇటుకరంగుకు మార్చుకుని ఇళ్ళకు చేరేవాళ్ళం. ఆ మరక చాకిరేవుకు కూడా లొంగేది కాదు. గుర్తుగా సంచిలో మట్టి నింపుకుపోయేవాళ్ళను ఇప్పుడూ చూస్తున్నాను. దయచేసి మీరు ఆ పని చేయకండి.

సమావేశాన్ని సంక్రాంతి తరువాత పెట్టడం కార్యవర్గం చేసిన తెలివైన పని. వేసవిలో పెట్టి ఉంటే ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం అడ్డుపడేది. ఇప్పుడైతే పొద్దున్నే పడవలు ఒడ్డుకు రావడం చూడవచ్చు. వలలోంచి దులిపిన కానాగంతలు, కవ్వళ్ళు ఇసుక మీద పోగులు పడతాయి. వంజరం పడితే దానికి వేరే వేలం పాట. పాట పాడేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ వేగం మనకు అందదు. నాలుగు అంకెలు వినపడేలోపు చేప తట్టలోకి చేరిపోతుంది. బేరం చేయాలన్న ఉబలాటం ఉంటే మానుకోండి, నవ్వుతారు. నా శ్రీమతి ఒకసారి ప్రయత్నించింది. ఇప్పటికీ ఆమెను చూస్తే నవ్వేవాళ్ళు అక్కడ ఇద్దరున్నారు.

మోకాళ్ళు బాగున్నవాళ్ళు నరసింహస్వామి గుడి మెట్లెక్కి, అక్కడి నుంచి పావురాళ్ళకొండ మీదికి వెళ్ళవచ్చు. బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు పైన ఉన్నాయి. చిన్నప్పుడు వాటిలో తోకకప్పలు పట్టేవాళ్ళం. రెండువేల ఏళ్ళనాటివని మాకెవరూ చెప్పలేదు, చెప్పినా కప్పల్ని వదిలేవాళ్ళం కాదు. పైనుంచి చూస్తే గోస్తని సముద్రంలో కలిసే చోటు స్పష్టంగా కనిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లో దూరి, తాటిపూడి దగ్గర కాసేపు ఆగి వచ్చిన నది అది. పైనుంచే చూడండి. కింద మొగ దగ్గర నీళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు కనిపించినా లోపల లాగేస్తాయి. పిల్లల్ని అక్కడ నీళ్ళలోకి దించవద్దు.

ఇక దొరల సమాధులు, అంటే పాత డచ్చివాళ్ళ శ్మశానం. వాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే ఇక్కడ వర్తకానికి దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. 1861 నాటికే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోనే పాతవాటిలో ఒకటని మా ఊరివాళ్ళు ఏ రెండు నిమిషాలు దొరికినా చెప్పుకుంటారు. నేనూ చెప్పేశాను. అయితే ఎనిమిదో తరగతిలో ఆ శ్మశానం మాకు క్రికెట్ మైదానం పక్కనున్న అడవి, అంతే. బంతి లోపల పడితే తెచ్చే వంతు ఎప్పుడూ నాదే, ఎందుకంటే బ్యాటు నాది కాదు.

ఒకరోజు సాంఘికశాస్త్రం మాస్టారు నన్ను అక్కడే పట్టుకున్నారు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. జేబులోంచి పెన్సిలు ముక్క తీసిచ్చి, "ఆ రాతి మీద ఏముందో ఉన్నదున్నట్టు రాసుకురా" అన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని నాచు గీకాను. పైన డాలు బొమ్మ, దాని కింద వరసలు వరసలుగా అక్షరాలు. ఇంగ్లీషులాగే ఉన్నాయి, కానీ ఇంగ్లీషు కాదు. నాకు తెలిసినవి అంకెలు మాత్రమే. వాటిని దిద్ది దిద్ది రాసి, మిగతావి బొమ్మల్లా గీశాను. మర్నాడు చూపిస్తే మాస్టారు చాలాసేపు చూసి, "పదహారు వందలు. అప్పుడు మీ ముత్తాతకు ముత్తాత ఎక్కడున్నాడో తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "ఈయనకు తెలిసి ఉండవచ్చు" అని రాయి ఉన్న వైపు చూపించి, కాగితం మడిచి తన పుస్తకంలో పెట్టుకున్నారు. తిరిగి ఇవ్వలేదు.

అప్పటి నుంచి బంతి తెచ్చేటప్పుడు సమాధుల మీదుగా గెంతడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. మావాళ్ళు విసుక్కునేవాళ్ళు. రన్నులు ఎక్కువ ఇస్తున్నానని నన్ను జట్టులోంచి తీసేశారు కూడా.

మధ్యాహ్నం మన భోజనాలు ఉండనే ఉన్నాయి. సాయంత్రం తీరం మీద మురీ మిక్చరు తినండి, దారిలో తేగలు కనిపిస్తే కొనండి, ఇది వాటి కాలం. ఆదివారం పొద్దున ఏడింటికి నేను సమాధుల గేటు దగ్గర ఉంటాను. ఆ రాయి ఏదో నాకు గుర్తుంది. నాచు మళ్ళీ పట్టి ఉంటుంది, ఎవరైనా ఒక మెత్తటి బ్రష్షు తెండి.