ఇసకేగదా

మధ్యాహ్నం నుంచి ఆ ఒక్క మాట చెవిలో తిరుగుతూనే ఉంది. "ఇసకేగదే, మళ్లీ పోసుకో." పిన్ని అంది. కోపంగా కాదు, వెటకారంగానూ కాదు. చీపురు మూల నిలబెడుతూ చాలా మామూలుగా అంది. అందుకే నిద్ర పట్టడం లేదు.

యూపీఎస్ బ్యాటరీ కోసం ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్లొచ్చాను. గంట కూడా పట్టలేదు. వచ్చేసరికి నాన్నగారి గదిలో గాజు బల్ల తళతళలాడుతోంది. కింద లైటు కూడా ఆపేసింది, కరెంటు దండగని. ఇసుకంతా చేటలోకి ఎత్తి తులసి మొదట్లో పోసేసింది.

మూడు రోజుల పని. కింద లైటు వెలిగే గాజు మీద ఇసుకతో బొమ్మ చేసి, ఒక్కో కదలికకీ ఒక ఫొటో తీసి, వాటిని కలిపి సినిమా చేస్తాను. 131 బొమ్మలయ్యాయి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచుతాను కాబట్టి సెకనుకి 12 బొమ్మలు. అంటే పదకొండు సెకన్లకి ఒక్క బొమ్మ తక్కువ. ఆ 131 ఫొటోలూ కంప్యూటర్లో భద్రంగానే ఉన్నాయి. కానీ 132వది తియ్యాలంటే గాజు మీద 131వ బొమ్మ ఉండాలి కదా. ఇసుకతో చిక్కే అది. ఉన్నదాన్నే వేలితో, కుంచెతో కాస్త జరిపి తర్వాతి బొమ్మ చెయ్యాలి. ముందుది చెరిగితేనే తర్వాతిది పుడుతుంది. యానిమేషన్ సినిమాలు తీసే కెరొలిన్ లీఫ్ 1968లో హార్వర్డ్‌లో చదువుకుంటూ లైటు మీద ఇసుక పోసి మొదలుపెట్టింది. ఆవిడ పని చూశాకే నేను కాగితం వదిలేసి ఇసుక పట్టుకున్నాను.

అది వట్టి ఇసుక కాదు. నాగావళి నుంచి తెచ్చి, మూడుసార్లు జల్లెడ పట్టి, కడిగి, ఈ ముసురుకి చెమ్మ పట్టకుండా మూకుట్లో వేయించి వాడుతున్నాను. ఫ్యాను వేస్తే ఎగిరిపోతుంది, కిటికీ తీస్తే వెలుతురు మారిపోతుంది. మూడు రోజులు ఆ ఉక్కపోతలోనే కూర్చున్నాను. చెమట బొట్టు గాజు మీద పడకుండా తలకి తువ్వాలు చుట్టుకుని మరీ.

ఏం తీస్తున్నానంటారా? ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఖద్దరుకి నూలు వడికే పొందూరు మామ్మ చేతులు.

మొదటిసారి వెళ్లిన రోజు బాగా గుర్తు. ఆమదాలవలసలో ప్యాసింజరు ఎక్కి, దూసి దాటి, పొందూరులో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మామ్మ అరుగు మీద కూర్చుని పత్తి దువ్వుతోంది. చేతిలో వాలుగ చేప దవడ. అంత సన్నటి పళ్లు నేనెక్కడా చూడలేదు. పత్తిలో చెత్తా నలుసూ పోయి, పీచు దువ్విన జుట్టులా ఒక వైపుకి తిరుగుతుంది. పక్కనే రాట్నం. పొందూరు రాట్నానికి ఒకటే కదురు, చక్రానికి 24 ఆకులు. కూర్చుని వేలితో లెక్కపెట్టాను. సెకనుకి 24 ఫ్రేములు వేసుకుని బతికేదాన్ని, ఒళ్లు జలదరించింది.

కెమెరా తీశాను. మామ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నా మొకం ఏల? సేతులు తీసుకో." సరే అన్నాను. మాట్లాడించబోయాను. "మాటాడితే పోగు తెగిపోద్ది" అంది. అంతే. నలభై నిమిషాల ఫుటేజీలో మాట లేదు, మొహం లేదు. డాక్యుమెంటరీ అంటే ఎవరో ఒకరు కెమెరా ముందు కూర్చుని చెప్పాలి అనుకునేదాన్ని. ఏం చెయ్యాలో తెలీక ఏడాది పాటు ఆ హార్డ్ డిస్క్ ముట్టుకోలేదు. ఆ తర్వాతే ఈ ఇసుక ఆలోచన వచ్చింది. ఇప్పుడు మామ్మకి చూపు ఆనడం లేదు, వడకడం మానేసింది. క్రితంసారి వెళ్తే అడిగింది: "నా సేతులెప్పుడొస్తాయి పాపా బొమ్మలోకి?"

పొద్దున్న ఒక మంచి కబురు కూడా వచ్చింది. పోయినేడు చేసిన ఆరు నిమిషాల బొమ్మని ఒక సినిమా ఉత్సవంలో తీసుకున్నారు. ఇంట్లో చెప్పాను. "డబ్బులిస్తారా?" అని అడిగారు. ఇవ్వరు. మళ్లీ పెళ్లి శుభలేఖ వీడియో ఒకటి ఒప్పుకోవాలి. రెండు రోజుల్లో కావాలట, ఫోన్లో యాప్‌తో అయిపోతుంది కదా అంటున్నారు. అదీ "ఇసకేగదా" లాంటి మాటే.

ఇలాంటప్పుడు నాకు ప్రమోద్ పతి గుర్తొస్తాడు. మన పక్క ఒడియా వాడే. చెకోస్లొవేకియా వెళ్లి ఇర్జీ త్రంకా దగ్గర కీలుబొమ్మల యానిమేషన్ నేర్చుకుని బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో చేశాడు. కుటుంబ నియంత్రణ చిత్రాలు తీసే ప్రభుత్వ ఆఫీసులో కూర్చుని, బతికున్న మనిషినే బొమ్మలా ఒక్కో ఫ్రేము కదిలించి సినిమా చేశాడు, 1972లో. 1932లో పుట్టి 1975లో పోయాడు. నేను ఆ వయసు దాటేశాను. ఆయనకి జీతమన్నా ఉండేది. ఆ ఫిల్మ్స్ డివిజన్ కూడా 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది.

ఇదంతా పిన్ని మీద కోపంతో మొదలుపెట్టాను. మధ్యలో ఆపి ఆ 131 ఫొటోలూ ఒకసారి ఆడించి చూశాను. ఆ తర్వాత మామ్మ ఫుటేజీ పెట్టాను. మామ్మ నాలుగుసార్లు దువ్వి ఆగుతుంది. గోటితో నలుసు తీసి పక్కన పడేస్తుంది. ఆ పడేసిన వైపు ఒక్క క్షణం చూస్తున్నట్టు మణికట్టు అలాగే ఉండిపోతుంది. మళ్లీ దువ్వుతుంది. నా ఇసుక చెయ్యి ఎక్కడా ఆగలేదు. పదకొండు సెకన్లూ గడియారంలో లోలకంలా ఊగుతోంది. ఆరేళ్లుగా చూస్తున్న ఫుటేజీ, ఆ ఆగడమే వదిలేశాను.

పోతే పోయిందిలే, మంచిదే అయిందనిపించింది కాసేపు.

లేదు. తప్పు బొమ్మే అయినా చెరిపేది నేనే కావాలి. నా వేలితో చెరిపితే అది తర్వాతి బొమ్మ అవుతుంది. చీపురుతో ఊడిస్తే చెత్తే. ఈ మాట పొద్దున్నే పిన్నితో చెప్పాలి, గొంతు పెంచకుండా. ఆవిడని ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆ గాజు పక్కన కూర్చోబెట్టలేదు, అదీ నిజమే. అయినా కోపం పోలేదు.

ఇందాకే తులసి మొదట్లోంచి ఎత్తగలిగినంత ఇసుక ఎత్తాను. మట్టి కలిసిపోయింది, పనికిరాదు. రేపు ఏటికి వెళ్లాలి. వస్తూ గొళ్లెం ఒకటి కొనాలి. ఆ గది తలుపుది నాన్నగారు ఉన్నప్పుడే ఊడిపోయింది.