పదకొండో రోజు వేలెక్కింది

మా కాక్‌టీల్ పిట్ట విజయనగరం వచ్చి పదకొండు రోజులైంది. అమ్మ మాత్రం ఇంకా ‘రామచిలక తెచ్చుకోక ఇదేటిరా, బుగ్గలకి కుంకం రాసుకున్నట్టు’ అంటోంది. మన రామచిలకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమమ్మా, ఇది ఆస్ట్రేలియా పిట్ట అంటే, ‘మీ తాత పెంచలేదేటి, ఎవుడడిగాడు?’ అంది.

మూడో రాత్రి లైటు ఆర్పగానే పంజరంలో ఒకటే టపటప. చూస్తే ఈక విరిగి రక్తం. నాకు చెమటలు పట్టేశాయి. ఈ జాతి చీకట్లో ఊరికే బెదిరిపోతుందట. అప్పట్నుంచి రాత్రంతా జీరో బల్బు. నాన్‌స్టిక్ పెనం కూడా అటకెక్కింది, అది మాడితే వచ్చే పొగకి పిట్టల ప్రాణం పోతుంది. అమ్మ అసలు కోపం ఆ పెనం గురించే అని నా అనుమానం.

ఈ పొద్దున్న గంటస్తంభం దగ్గర వెతికి తెచ్చిన కొర్ర కంకి పట్టుకుని అరగంట కదలకుండా కూర్చున్నా. జుట్టు నిక్కబొడుచుకుని చూసింది. ఒక కాలు పెట్టింది. చాలాసేపటికి రెండోది. గోళ్లు చురుక్కుమన్నాయి, కదిలితే ఒట్టు.

అప్పుడే వంటింట్లోంచి అమ్మ, ‘ఒరే, టీ!’

ఎగిరి కర్టెన్ రాడ్ మీద వాలింది. దించేసరికి గంట పట్టింది, టీ చల్లారిపోయింది.