మనోడే కదా, వేసిస్తాడులే

బెజవాడలోనో గుంటూరులోనో బొమ్మలు వేసి బతికే స్నేహితుడు ఉంటే, వాడికి బయటి గిరాకీ కంటే మన వల్లే ఎక్కువ నష్టం. బయటివాళ్లు రేటు అడుగుతారు, అడ్వాన్సు ఇస్తారు, తేదీ రాసుకుంటారు. మనం "మనలో మనకి లెక్కలేంటి" అంటాం. ఆ ఒక్క మాటతో వాడి నోరు కట్టేసినట్టే. మొహమాటం వాడిది, లాభం మనది. అందుకే డబ్బు మాట ముందు మన నోటి నుంచే రావాలి. స్నేహితురాలైనా అంతే.

బొమ్మలేసేవాళ్లలో చాలామంది రేటు చదరపు అంగుళం లెక్కన చెప్తారు. 24 బై 36 కాన్వాస్ అంటే 864 చదరపు అంగుళాలు. మాటవరసకి అంగుళానికి 10 రూపాయలనుకుంటే 8,640. చెయ్యి తిరిగినవాళ్ల రేటు వేరు. కాన్వాస్, దాన్ని బిగించే చెక్క, రంగులు, వార్నిష్ పోను మిగిలిందే కూలి. అదే సైజులో తాతయ్య, నాయనమ్మ ఇద్దరే ఉండటం వేరు, పదకొండు మంది ఉన్న ఉమ్మడి కుటుంబం వేరు. ఒక్కో ముఖం ఒక్కో పని. ఫ్రేము ఈ రేటులోనే ఉందా, విడిగానా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి, చివర్లో మాటలు వచ్చేది అక్కడే. సగం ముందు, మిగతాది బొమ్మ తీసుకునే రోజు, గుమ్మం దాటకముందే. డబ్బు చాలకపోతే సైజు తగ్గించమనండి, రేటు కాదు.

మన దగ్గర ఎక్కువగా వేయించుకునేది పోయిన పెద్దవాళ్ల బొమ్మలే. అసలు తిప్పలన్నీ ఫోటోతోనే. గోడకున్న పటాన్ని, దండతో, అద్దం మీద కుంకుమ బొట్టుతో సహా, ట్యూబులైటు వెలుగులో సెల్‌ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఒక కంటి మీద ట్యూబులైటు గీత, నుదుటి మీద ఎవరిదో బొట్టు. పైగా వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. ఇక మిగిలిన ముఖాన్ని వాడు ఊహించి వెయ్యాలి. తీరా వేశాక "నాన్న ఇలా ఉండరే" అంటారు.

ఇలా చెయ్యండి. పటం దించి, దండ తీసి, అద్దం తుడిచి, వెనక మేకులు విప్పండి. ఫోటో తేలిగ్గా వస్తే 600 డీపీఐలో, పాస్‌పోర్ట్ సైజుదైతే 1200లో స్కాన్ చేయించండి. చెమ్మకి అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగొద్దు. ఫోటో పైపొర అద్దం మీదే ఉండిపోతుంది, ముఖం పోతుంది. అద్దంతో పాటే స్కాన్ చేయించడం నయం. ఫైలుని డాక్యుమెంట్‌గా పంపాలి, ఫోటోగా కాదు. దాంతో పాటు అదే వయసులో తీసిన ఇంకో రెండు మూడు ఫోటోలు, పెళ్లి గుంపులో పక్కకి తిరిగి ఉన్నదైనా సరే, ఇవ్వండి. ముక్కు ఎత్తు, చెవి తీరు ఎదురుగా తీసిన ఫోటోలో తెలియవు. నలుపు తెలుపు ఫోటో అయితే ఒంటి రంగు మీరే చెప్పాలి. "అచ్చం తమ్ముడి రంగే" అని ఆ తమ్ముడి ఫోటో పంపితే పని తేలిక. "కొంచెం తెల్లగా వెయ్యి" అనే కోరిక ఇంట్లో ఎవరో ఒకరికి ఉంటుంది. దాన్ని ఇంట్లోనే ఆపేయండి.

పెన్సిల్ స్కెచ్ దగ్గర ఇంటిల్లిపాదీ ఒకేసారి చూసి, అన్నీ ఒకే మెసేజ్‌లో చెప్పాలి. మీసం, కళ్లజోడు, చీర అంచు, ఏం మార్చాలన్నా అప్పుడే. రంగు పడ్డాక మార్పు అంటే చెరిపి మళ్లీ వెయ్యడమే, దానికి విడిగా డబ్బివ్వాలి.

గృహప్రవేశానికి వారం ముందు ఆర్డరిచ్చి ఆయిల్ బొమ్మ అడగకండి. నీళ్లతో కలిపి వేసే ఆక్రిలిక్ రంగు గంటలో ఆరుతుంది. ఆయిల్ ముట్టుకుంటే అంటుకోకుండా ఉండటానికే రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. లోపల పూర్తిగా గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది. "అప్పుడు తెచ్చివ్వండి, వార్నిష్ వేస్తాను" అని వాడు అంటే వాయిదా వెయ్యడం కాదు, పద్ధతే అది.

మే నెలలో విజయవాడ నుంచి గుంటూరు తీసుకెళ్లేటప్పుడు ఆక్రిలిక్‌తో ఇంకో చిక్కు. వేడికి ఆ రంగు మెత్తబడి జిగురు పడుతుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుట్టి, ఎండలో నిలిపిన కారులో పెడితే, విప్పేసరికి అమ్మమ్మ చెంప మీద వరసగా గుండ్రటి అచ్చులు. పోవవి. ముందు బేకింగ్‌కి వాడే నాన్‌స్టిక్ కాగితం, దాని మీద అట్ట, అన్నిటికీ పైన బబుల్ ర్యాప్. పడుకోబెట్టి మీద సంచులు పెట్టకుండా నిలబెట్టి తీసుకెళ్లాలి.

ఇంట్లో పడమటి ఎండ పడే గోడ, అగరొత్తుల పొగ తగిలే చోటు, బాత్రూం వెనక గోడ వద్దు. వాటర్ కలర్ బొమ్మ అయితే అద్దానికి కాగితం తగలకుండా మధ్యలో మౌంట్ బోర్డు అనే మందపాటి అట్ట వేయించాలి, లేకపోతే ఒక్క వానాకాలానికే బూజు.

సంతకం ఉన్న మూల కత్తిరించి స్టేటస్‌లో పెట్టడం, అడక్కుండా ఫ్లెక్సీ మీద వేయించడం మామూలైపోయింది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే. ఈ సంగతి వేసినవాళ్లలోనే చాలామందికి తెలియదు. "కాపీరైట్ నీదే, ఇంట్లో పెట్టుకోవడానికే తీసుకుంటున్నా" అని ముందే ఒక్క లైను రాసి, దాన్ని ఇద్దరూ ఒప్పుకోండి. ఇది తన పని అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద ఎలాగూ వాడికే ఉంటుంది.

కొండపల్లి బొమ్మలు చేసే స్నేహితులుంటే సంక్రాంతి కొలువుకి డిసెంబరు ఆఖర్లో పరుగెత్తకండి. తెల్ల పొణికి చెక్కలో చెమ్మ పోవాలి, ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతకాలి, సున్నం పూత ఆరాలి, ఆ తర్వాతే రంగు. తొందరపెడితే చెక్క ఆరాక అతుకు దగ్గర చీలుతుంది. దసరా వెళ్లగానే చెప్పండి.

నంబరు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు "నా పేరు చెప్పు, తగ్గిస్తాడు" అనొద్దు. అంగుళానికి ఎంత తీసుకుంటాడో, ఎన్ని వారాలు పడుతుందో, సగం ముందివ్వాలనీ మీరే చెప్పి ఇవ్వండి.