వాషింగ్టన్ ప్లేస్ మూల మీద ఒక బ్లౌజు చరిత్ర

అక్టోబరులో న్యూయార్క్ వెళ్ళినప్పుడు ఒక రోజంతా ఒకే ఒక్క దుస్తు కోసం తిరిగాను. దాని పేరు షర్ట్‌వెయిస్ట్: మగవారి చొక్కాలాగా కాలరూ బొత్తాలూ ఉండి, పొడవాటి స్కర్టు మీద వేసుకునే బ్లౌజు. 1890ల నుంచి అమెరికాలో టైపిస్టులు, టీచర్లు, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు దీన్ని విరివిగా తొడుక్కున్నారు. కొలతలిచ్చి కుట్టించుకోనక్కరలేకుండా రెడీమేడ్‌గా దొరికేది. ఆడవాళ్ళు జీతం కోసం గడప దాటిన ఆ కాలాన్ని ఏ పాఠ్యపుస్తకం కన్నా ఈ బ్లౌజే నాకు దగ్గరగా చూపించింది.

ముందు కూపర్ యూనియన్ అనే కళాశాలకు వెళ్ళాను. 1909 నవంబరు 22న ఇక్కడి గ్రేట్ హాల్‌లో, నాయకుల ప్రసంగాలు ఎంతకీ తెమలకపోతే, క్లారా లెమ్లిక్ అనే యువతి వేదికెక్కి, తూర్పు ఐరోపా యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలో సమ్మెకు పిలుపునిచ్చింది. షర్ట్‌వెయిస్టులు కుట్టే కార్మికులు ఇరవై వేలమంది దాకా, అందులో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల అమ్మాయిలు, చలిలో మిషన్లు వదిలి వీధుల్లోకి వచ్చారు. చాలా కంపెనీలు యూనియన్‌తో ఒప్పందానికి వచ్చాయి. ట్రయాంగిల్ కంపెనీ రాలేదు.

ఆ కంపెనీ నడిచిన భవనం అక్కడికి కాస్త దూరంలోనే, వాషింగ్టన్ ప్లేస్, గ్రీన్ స్ట్రీట్ కలిసే మూల మీద ఉంది. ఇప్పుడది న్యూయార్క్ విశ్వవిద్యాలయానిది. 1911 మార్చి 25, శనివారం, పని ముగిసే వేళకు ఎనిమిదో అంతస్తులో మంటలు లేచాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపు తాళం వేసి ఉండడంతో చాలామంది లోపలే చిక్కుకున్నారు, కొందరు కిటికీల్లోంచి దూకారు. మొత్తం 146 మంది చనిపోయారు. ఆ దృశ్యాన్ని వీధిలో నిలబడి చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ 1933లో దేశ కార్మిక మంత్రి అయ్యారు; అమెరికా మంత్రివర్గంలో తొలి మహిళ ఆమే. ఆమె కృషి వెనుక ఆ సాయంత్రం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

భవనం గోడకు 2023లో ఆవిష్కరించిన ఉక్కు స్మారకం ఉంది. తల పైన సాగే ఉక్కు పట్టీలో మృతుల పేర్లను అక్షరాలుగా కోశారు. కింద, నడుము ఎత్తున ఉన్న నల్లటి పలకలో ఆ పేర్లు ప్రతిబింబిస్తాయి, అక్షరాల సందుల్లోంచి ఆకాశం కనబడుతుంది. పేర్లు చదవాలంటే తల వంచాల్సిందే. నేను చాలాసేపు వంగి, ఒక్కొక్కటే పెదవుల మీద పలుకుతూ చదివాను. ఈ స్మారకం కోసం 2019లో జనం తమ తమ గుడ్డముక్కలు తెచ్చి ఒక పొడవాటి రిబ్బనుగా కుట్టారు. ఆ బట్ట అల్లికను ఉక్కు మీదికి దించారని తెలిసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను.