పుంజా, పెట్టా? తేలేదాకా, తేలాక

నాటుకోడి పిల్లను పుట్టిన రోజే అరచేతిలో పెట్టుకుని ఇది పుంజు, ఇది పెట్ట అని తేల్చేసేవారు మా భీమవరం పరిసరాల్లో ఇంటికొకరు ఉంటారు. వాళ్లు చెప్పినవాటిలో సగం నిజమవుతాయి కూడా. పిల్లల్లో సగం పుంజులే కాబట్టి అందులో పెద్ద విద్యేమీ లేదు.

మా వైపు పుంజు పుట్టిందంటే సంబరం. సంక్రాంతి దాకా జీడిపప్పు, బాదంపప్పు పెట్టి మేపేవాళ్లున్నారు. నాకు కావలసింది గుడ్లు. పది పెట్టలకు ఒక పుంజు ఉంటే చాలు. తినడానికే గుడ్లు కావాలంటే ఆ ఒక్కటీ అక్కర్లేదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఇరుకు పెరట్లో పుంజులు ఎక్కువైతే అవి తమలో తాము కొట్టుకోవడం అటుంచి, ముందుగా పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతాయి. ఏది ఏమిటో త్వరగా తేలాలని నా ఆరాటం అందుకే.

ఈ విడత పిల్లలు రెండు రకాలు. కొన్ని మా నల్లపెట్ట పొదిగినవి, వాటిలో కాస్త అసీల్ అనే పందెం జాతి రక్తం ఉంది. మిగతావి గ్రామప్రియ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన ఈ రకాన్ని నెల పిల్లలుగా కొన్నాను. బల్బు కింద వెచ్చగా పెంచే బాధ తప్పుతుందని నెల పిల్లలే తీసుకున్నాను. అమ్మినతను “దాదాపు అన్నీ పెట్టలేనమ్మా” అన్నాడు. ఆ ‘దాదాపు’ చాలా విశాలమైనదని తర్వాత తెలిసింది.

మొన తేలిన గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందని మా అత్తయ్య నమ్మకం. నల్లపెట్ట కింద పెట్టిన గుడ్లన్నీ ఆవిడ ఏరి ఏరి ఇచ్చిన గుండ్రటివే. పుంజులకు కొదవేమీ రాలేదు. నిజానికి పిల్ల ఆడో మగో గుడ్డు ఆకారాన్ని బట్టి కాదు, తల్లికోడిని బట్టి తేలుతుంది. మనుషుల్లో అది తండ్రి నుంచి వస్తే, కోళ్లలో తల్లి నుంచి వస్తుంది. ఈ మాట చెబితే అత్తయ్య నవ్వి, “ఆడపిల్లల్ని కన్నదని కోడలిని అన్నవాళ్లంతా కోళ్లను చూసి నేర్చుకున్నారేమో” అన్నారు.

హేచరీల్లో మాత్రం మొదటి రోజే తేలుస్తారు. పిల్ల వెనుక భాగాన్ని సున్నితంగా నొక్కి లోపలి చిన్న బొడిపెను చూసే పద్ధతిని 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు మసూయి, హషిమోటో లోకానికి చూపించారు. శిక్షణ పొందినవారు గంటకు వెయ్యి పిల్లల దాకా చూడగలరట. ఇంట్లో మనం ప్రయత్నిస్తే పిల్ల పేగులకు ముప్పు. రెండో దారి రెక్క ఈకలు. కొన్ని ప్రత్యేకమైన సంకరాల్లో పెట్ట పిల్లకు రెక్క అంచు ఈకలు పొడవుగా, వాటిని కప్పే పై ఈకలు పొట్టిగా ఉంటాయి. పుంజు పిల్లకు రెండూ సమానంగా ఉంటాయి. మూడోది రంగు. తగిన జాతుల ఎర్ర పుంజునూ తెల్ల పెట్టనూ జతకడితే గోధుమరంగు పిల్లలు పెట్టలు, లేత పసుపువి పుంజులు అవుతాయి. ఇవన్నీ తల్లిదండ్రుల జాతి తెలిసి, ఆ లక్షణం కోసమే కలిపినప్పుడు పనికొచ్చేవి. పది ఊళ్ల రక్తం కలిసిన నాటు పిల్ల రెక్క విప్పి చూస్తే రెక్కే కనిపిస్తుంది. ఇక వీధుల్లో ఆకుపచ్చ, గులాబీ రంగులు వేసి పిల్లలకు అమ్మే కోడిపిల్లలు చాలావరకు గుడ్ల ఫారాలకు అక్కర్లేదని వేరుచేసిన పుంజులే. జర్మనీ 2022 నుంచి అలాంటి పిల్లలను చంపడాన్ని నిషేధించింది. అక్కడ ఇప్పుడు గుడ్డులో ఉండగానే పరీక్ష చేస్తున్నారు.

నేను చేసిందల్లా ప్రతి పిల్ల కాలికీ ఒక రంగు ఊలుదారం కట్టి, వారం వారం చూసుకోవడం. దారం వదులుగా కట్టాలి, కాలు లావయ్యేకొద్దీ విప్పి మళ్లీ కట్టాలి. లేదంటే చర్మంలోకి దిగిపోతుంది. ఒకే వయసువి, ఒకే రకానివి పక్కపక్కన పెట్టి చూడాలి. గ్రామప్రియనూ నాటు పిల్లనూ పోల్చి లాభం లేదు.

గ్రామప్రియ పిల్లలు ఎక్కువ విసిగించలేదు. ఆరో వారానికల్లా కొన్నింటి తురాయి వెడల్పై గులాబీరంగు తిరిగింది, గడ్డం కింద ఎర్రటి తోలు వేలాడసాగింది, కాళ్లు మోటుగా కనిపించాయి. మిగతావాటి తురాయి పసుపుపచ్చగా, చిన్నగానే ఉండిపోయింది. వీపు మీద ఈకలు కూడా సాధారణంగా పెట్టలకే ముందు నిండుతాయి. నల్లపెట్ట పిల్లల దగ్గర ఈ లెక్క కుదరలేదు. అసీల్ పోలిక వచ్చిన పిల్లకు తురాయి నెత్తికి అతుక్కుని చిన్న బొబ్బల వరుసలా ఉంటుంది, పుంజుకైనా త్వరగా పెరగదు. పిల్లలు రొమ్ములు విరుచుకుని ఒకదాని మీదికి ఒకటి ఎగరడం కూడా గుర్తు కాదు, పెట్ట పిల్లలూ ఎగురుతాయి. వాటిలో బూడిదరంగుది ఒకటి కాళ్లు చూస్తే పుంజు, నడక చూస్తే పెట్ట అన్నట్టు ఉండి ఇంటిల్లిపాదినీ రెండు పక్షాలు చేసింది.

దాన్ని తేల్చింది నడుం మీద ఈకలు. పది, పన్నెండు వారాల మధ్య తోక మొదలుకు ముందు కొత్త ఈకలు వస్తాయి. పుంజుకైతే సన్నగా, మొన తేలి, మెరుస్తూ రెండు పక్కలకూ జారుతుంటాయి. పెట్టకు వెడల్పుగా, చివర గుండ్రంగా ఉంటాయి. ఏటవాలు ఎండలో పట్టుకుని చూస్తే తేడా తెలుస్తుంది. బూడిదరంగుది పెట్ట. నన్నడిగితే అన్ని గుర్తుల్లోకీ నమ్మదగినది ఇదే. కూత కోసం ఆగితే మేత దండగ.

తేలిన పుంజుల్లో ఒక డేగను, అంటే ఎర్ర ఈకల పుంజు పిల్లను, పక్కింటి బాబాయి కళ్లలో వత్తులు వేసుకుని చూస్తూ వచ్చాడు. “నాకిచ్చెయ్యమ్మా, రాజులా చూసుకుంటాను” అన్నాడు. జనవరి దాకా రాజే, ఆ తర్వాత కాలికి కత్తి. ఇవ్వలేదు. దాన్ని పెట్టలకు తోడుగా ఆకివీడు చిన్నమ్మ ఇంటికి పంపాను. మిగతావి కూరకు వెళ్లాయి, అది దాచవలసిన సంగతేమీ కాదు.

చిన్నమ్మ ఊరుకోకుండా బదులుగా వయసుకొచ్చిన పెట్టలను పంపింది. అసలు పని అప్పుడు మొదలైంది. బయటి నుంచి వచ్చిన కోడిని నేరుగా గూట్లోకి వదలకూడదు. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే కోళ్ల అంటువ్యాధి) సోకాక బయటపడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. అంతకంటే ఎక్కువ రోజులే వాటిని పాత పశువులపాకలో విడిగా ఉంచి, పాత కోళ్లకు మేత వేశాకే అక్కడికి వెళ్లేదాన్ని. పశువైద్యశాలలో అడిగి టీకా వేయించాను. రెక్కల కింద పేలు కనిపిస్తే బూడిద కలిపిన ఇసుక పోశాను, అవే పొర్లి దులుపుకున్నాయి.

తర్వాత పెరట్లో వల అడ్డంగా కట్టి, ఇటు పాతవి, అటు కొత్తవి. మా ఇంట్లోనే పెరిగి పెట్టలని తేలినవాటినీ అటే చేర్చాను. ఒంటరిగా వచ్చిన కోడికి పడే దెబ్బలు గుంపుగా వస్తే పంచుకుపోతాయి. వల ఇవతల నల్లపెట్ట మెడ ఈకలు నిక్కబొడుచుకుని కాపలా తిరిగింది. ఆ ఆవేశం తగ్గి దాని పాటికది నూకలు ఏరుకోవడం మొదలుపెట్టాక, ఒక రాత్రి కొత్తవాటిని గూట్లో కర్ర మీద పాతవాటి పక్కన కూర్చోబెట్టాను. చీకట్లో కోడికి చూపు ఆనదు కాబట్టి అప్పటికి గొడవ ఉండదు. తెల్లవారాక తప్పదు. అందుకే గూటి తలుపు తీసేసరికి మనిషి అక్కడ ఉండాలి. మేత, నీళ్లు దూరదూరంగా రెండుమూడు చోట్ల పెట్టాను. గోడకు కొబ్బరిమట్టలు వాల్చి, వెనక్కి దూరి తప్పించుకునే దారి ఉంచాను. మూల చిక్కిన కోడే ఎక్కువ దెబ్బలు తింటుంది.

తరమడం, నెత్తి మీద ఒక పోటు పొడవడం మామూలే. ఎవరు ముందు తినాలో అవి అలాగే తేల్చుకుంటాయి. నెత్తురు కనిపిస్తే మాత్రం ఆగకూడదు, ఎరుపు చూస్తే మిగతావి కూడా అక్కడే పొడుస్తాయి. బూడిదరంగుదాని తురాయి చిట్లినప్పుడు పసుపు, వేపనూనె రాసి, దాన్ని కాకుండా పొడిచిన నల్లపెట్టనే గంప కింద మూశాను. కొన్ని రోజుల తర్వాత వదిలితే తన చోటు కోసం మళ్లీ మొదటి నుంచీ పాకులాడవలసి వచ్చింది, జోరు తగ్గింది.

ఒక్క చిక్కు మిగిలింది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, ఎదిగే పిల్లల మూత్రపిండాలకు అది మంచిది కాదు. అందరికీ ఎదిగే పిల్లల దాణాయే వేసి, ఆల్చిప్పల పొడి విడిగా ఒక చట్టిలో పెట్టాను. గుడ్లు పెట్టేవి వెళ్లి తింటున్నాయి, పిల్లలు దాన్ని పెద్దగా పట్టించుకోవడం లేదు. వచ్చే విడతకు నెల పిల్లలు వద్దు. నడుం ఈకలు తేలిన మూడు నెలల పెట్టలనే అడుగుతాను. ధర ఎక్కువే, అయినా పుంజులకు పోసిన దాణాతో పోలిస్తే చవక.