ఎండకు ఎదురు నడిస్తేనే దొరికే రాయి

మొదటిసారి అరిజోనాలోని సాడిల్ మౌంటెన్ అనే కొండ దగ్గర అగేట్ అనే చారల రాళ్లు ఏరడానికి వెళ్లినప్పుడు, ఎండను వీపు మీద వేసుకుని మూడు గంటలు తిరిగాను. నేలంతా వెలుగు పడుతోంది కదా, ఏదీ కన్ను తప్పించుకోదనుకున్నాను. సంచిలో పడినవన్నీ మామూలు రాళ్లే. అప్పుడు అక్క నా భుజం పట్టుకుని అటు తిప్పింది. "సూర్యుడి వైపు నడువమ్మా. అగేట్ మీద వెలుగు పడితే అది కనపడదు. దాని లోంచి రావాలి వెలుగు."

సొంత అక్క కాదు. రాళ్ల పిచ్చి కలిపిన అక్క. ఇరవై ఏళ్లుగా అరిజోనా ఎడారుల్లో తిరుగుతోంది. ఆ మాట తర్వాత నాకు నేల వేరేగా కనిపించింది. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు దానికి ఎదురుగా నడిస్తే, నల్లటి గులకరాళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి అంచులు వెలుగుతాయి, పటిక ముక్క వెనక దీపం పెట్టినట్టు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక అవే రాళ్ల మీద నడిచి వెళ్లినా గుర్తుపట్టలేం.

అందుకే మొన్న జనవరిలో నాలుగోసారి వెళ్లినప్పుడు ఫీనిక్స్‌లో చీకటితోనే బయల్దేరాం. అక్క, అన్నయ్య, నేను, ఎప్పుడూ ఎడారిలో కాలు పెట్టని నా కాలేజీ స్నేహితురాలు. ఐ-10 హైవే మీద పడమరగా సుమారు 50 మైళ్లు వెళ్లాక టోనోపా అనే ఊరి దగ్గర దిగి, తారు రోడ్డు వదిలి మట్టి దారి పట్టాం. మనిషికి ఒక గ్యాలన్ చొప్పున నీళ్లు పెట్టుకున్నాం. తెల్లవారేసరికి కొండ కింద ఉన్నాం. వెనక్కి తిరిగి చూస్తే తూర్పున పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం మీంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. అక్కడ తప్ప ఎక్కడా మనిషి జాడ లేదు.

ఈ కొండలు కోట్ల ఏళ్ల కిందటి లావా. చల్లారేటప్పుడు లోపల గాలి బుడగలు, పగుళ్లు మిగిలిపోయాయి. వాటిలోకి సిలికా కరిగిన నీళ్లు ఊరి, పొర మీద పొర పేరుకుని గట్టిపడ్డాయి. పొరలు చారలుగా తేలితే అగేట్, చారలు లేకపోతే ఉత్త చాల్సిడనీ. చుట్టూ ఉన్న లావా ఎండకీ వానకీ పొడి అయిపోతుంది కానీ, రాళ్ల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో 6.5 నుంచి 7 దాకా ఉండే ఈ రాయి అరగదు. విడిపడి, వానలకి దొర్లుకుంటూ ఎండిన వాగుల్లోకి వస్తుంది. ఇక్కడి వాళ్లు ఆ వాగుల్ని వాష్ అంటారు. మేం వెతికేది వాటి ఒడ్డుల్లోనే.

ఇక్కడ దొరికే వాటిలో అందరూ ఆశపడేది ఫైర్ అగేట్. దాని పొరల మధ్య ఇనుప ఖనిజం అతి పల్చగా పరుచుకుని ఉంటుంది. వెలుగు ఆ పొరల్లో దూరి తిరిగొచ్చేటప్పుడు, వాన నీటి మీద డీజిల్ చుక్క పడితే విచ్చుకున్నట్టు రంగులు విచ్చుకుంటాయి. కానీ పైకి చూస్తే? ముదురు గోధుమ రంగు ముద్ద. ద్రాక్షగుత్తిలా బుడిపెలు, వాటి మీద మసక తొక్క. కొత్తవాళ్లు దాన్ని కాలితో తన్ని ముందుకు పోతారు. నేనూ ఎన్ని తన్నానో.

తొమ్మిది గంటలకల్లా నాకు చాల్సిడనీ రోజాలు అరడజను దొరికాయి. పువ్వు రేకుల్లా మడతలు పడి ఉంటాయి, అరచేతిలో పట్టేంత. పడమటి వాగు వెంట ఎక్కుతుంటే ఒక గుట్ట మొదట్లో చెక్క స్తంభం పాతి ఉంది, దానికి కట్టిన డబ్బాలో మడత పెట్టిన కాగితం. ఎవరిదో మైనింగ్ క్లెయిమ్, అంటే ఇక్కడ ఖనిజం తవ్వుకునే హక్కు నాదని పెట్టుకున్న గుర్తు. ఆ గుట్ట మీద తెల్లటి ముక్కలు మెరుస్తూ కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. అన్నయ్య ఒక్క మాట అన్నాడు, "మనది కాదు." వెనక్కి తిరిగాం. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మేం తిరిగేది అమెరికా ప్రభుత్వ భూముల్ని చూసుకునే బీఎల్ఎం అనే సంస్థ కింద ఉన్న భూమి. సొంతానికి, అమ్ముకోకుండా, మితంగా ఏరుకోవచ్చు. శిలగా మారిన చెక్కకైతే రోజుకి 25 పౌండ్లు, పైన ఇంకొక్క ముక్క, ఏడాదికి 250 పౌండ్లు అని లెక్కే ఉంది. నేషనల్ పార్కుల్లో గులకరాయి కూడా తీయకూడదు. ఇంత స్వేచ్ఛ ఇచ్చిన చోట గీత దాటితే రేపు ఆ స్వేచ్ఛ ఉండదు.

తిరిగొస్తుంటే నా స్నేహితురాలు కెవ్వుమంది. చోయా కాక్టస్ ముక్క, కోడిగుడ్డంత ఉంటుంది, పిక్కకి అతుక్కుంది. ముల్లుకి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి కాబట్టి లోపలికి దిగడం తేలిక, రావడం కష్టం. తను చేత్తో పీకబోతే అక్క గట్టిగా అరిచింది, "చెయ్యి పెట్టకమ్మా, అది చేతికి అంటుకుంటుంది!" అక్క సంచి పక్క జేబులో ఎప్పుడూ ఒక పెద్ద పళ్ల దువ్వెన ఉంటుంది. చర్మానికీ ముక్కకీ మధ్య దువ్వెన దూర్చి, ఒక్క విసురుతో ఎగరగొట్టింది. మిగిలిన ముళ్లని ట్వీజర్‌తో ఒక్కొక్కటీ లాగింది. పదకొండు. నేను లెక్కపెట్టాను, ఏం చెయ్యాలో తోచక. తనని తీసుకొచ్చింది నేనే. పొడుగు బూట్లు వేసుకోమని చెప్పాల్సింది నేనే. నాకు గుండె కలుక్కుమంది.

కాసేపు కూర్చోమన్నాం. వాగు ఒడ్డున, ఎండకి ఎదురుగా కూర్చుంది. పది నిమిషాల తర్వాత, "ఇదేంటో చూడు" అని బొటనవేలంత గోధుమ ముద్ద చేతిలో పెట్టింది. బుడిపెలు. సీసాలో నీళ్లు పోసి బొటనవేలితో రుద్దాను. ఒక మూల తొక్క ఎప్పుడో చిట్లి, గోరంత కిటికీలా ఉంది. దాన్ని ఎండకి వాల్చి మెల్లగా తిప్పాను. ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పాను. నిప్పుకణిక రంగు ఒక్కసారిగా లేచింది, అంచున సన్నటి ఆకుపచ్చ గీత. నీళ్లు ఆరిపోగానే మళ్లీ మట్టిముద్ద. నలుగురం తలలు ఆనించి అలా ఎన్నిసార్లు తడిపి చూశామో తెలియదు. తన కళ్లల్లో నీళ్లు. నొప్పికి రాని నీళ్లు దీనికి వచ్చాయి.

చీకటి పడేదాకా ఉన్నాం. అన్నయ్య షార్ట్‌వేవ్ యూవీ లైటు తెచ్చాడు. పొద్దున పనికిరావని పారేసిన తెల్ల ముక్కల కుప్ప మీద వేస్తే కొన్ని పచ్చగా వెలిగాయి, లోపల లేశమాత్రం యురేనియం ఉన్నందుకు. తేళ్లు కూడా ఆ వెలుతురులో అలాగే మెరుస్తాయి, అందుకని వెలిగినదల్లా తీయకూడదు. ముందు పుల్లతో కదిపి చూడాలి.

దారిలో స్నేహితురాలు ఆ రాయిని నా చేతిలో పెట్టి, "నువ్వే సాన పట్టు" అంది. నేను వెంటనే ఒప్పుకోలేకపోయాను. పోయిన ఏడాది నాకు దొరికిన మొట్టమొదటి ఫైర్ అగేట్‌ని నేనే పాడుచేసుకున్నాను. ఈ రాయిని మామూలు రాయిలా గుండ్రంగా అరగదీయకూడదు. బుడిపెలు ఎటు ఎత్తుగా ఉంటే అటు, ఎటు పల్లంగా ఉంటే అటు, పొర వెంట పోవాలి. ఇంకొంచెం మెరుస్తుందేమోనని ఒక్క పొర ఎక్కువ అరగదీశాను. ఆకుపచ్చ ఉన్న చోట మట్టి రంగు మిగిలింది. కోట్ల ఏళ్లుగా ఉన్నది అర నిమిషంలో పోయింది. అది ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది, పారేయలేను.

అయినా తీసుకున్నాను. నిన్న అక్క వాళ్ల గ్యారేజీలో మాస్కులు పెట్టుకుని, చక్రం మీద నీళ్ల ధార ఆగకుండా చూసుకుంటూ మొదలుపెట్టాం. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, పొడిగా ఒక్క నిమిషం కూడా పట్టకూడదు. పది సెకన్లు ఆనించడం, తీసి ఎండలో చూడటం, మళ్లీ పది సెకన్లు. గంటన్నరకి కిటికీ చిటికెన వేలి గోరంత నుంచి బొటనవేలి గోరంత వెడల్పయింది. నారింజ రంగు పక్కన పచ్చదనం పొంగుతోంది. ఇంకాస్త పట్టాలనిపించింది. అక్క ఏమీ అనలేదు, నా మొహం వంక చూసింది.

స్విచ్ ఆపేశాను. వచ్చే ఆదివారం స్నేహితురాలు వస్తానంది. తను పక్కన ఉన్నప్పుడు మళ్లీ మొదలుపెడతాం.